అత్తగారి మాత్ర

పోయినవారం మనం ఆగింది పాప నుదుటి మీది బొప్పి దగ్గర. మంచం మీంచి పడ్డ పాప ఆ సాయంత్రానికే నవ్వేసింది. బొప్పి కూడా తగ్గిపోయింది. పెద్దవాళ్ళే ఇంకా తేరుకోలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మన కథలో అమ్మాయిని కార్ఖానాలో అందరూ మీడియం అని పిలుస్తారు. కోట్లు, గౌన్లు కుట్టే కార్ఖానా అది. అక్కడ ఆమె మిషను తొక్కదు, బొత్తాలు కుట్టదు. మీడియం సైజులో ఏ కొత్త రకం తయారైనా ముందు ఆమె తొడుక్కుని నిలబడాలి. చెయ్యెత్తితే చంకలో పట్టేస్తోందనో, కూర్చుంటే నడుం దగ్గర ముడతలు పడుతున్నాయనో ఆమె చెబుతుంది. కటింగ్ మాస్టరు పిన్నులు గుచ్చి సరిచేస్తాడు. ఆమె ఒంటికి కుదిరిందంటే ఊళ్ళో సగం మందికి కుదిరినట్టే. అలాంటి మనిషి పాప పుట్టాక మీడియం దాటి, లార్జ్ దాటి, ఇంకా ముందుకు వెళ్ళిపోయింది. దానికి థైరాయిడ్ కూడా తోడైంది. కార్ఖానాలో ఆమె చోట ఓ గుడ్డ బొమ్మని నిలబెట్టారు.

డాక్టరమ్మ చిన్న మోతాదు మాత్ర రాసిచ్చింది. "మోతాదు కుదురుకోవడానికి టైము పడుతుంది. బరువు దాని మానాన అది మెల్లగా దిగుతుంది. నడువు, వేళకి తిను, పాలిచ్చే తల్లివి కడుపు మాడ్చుకోకు," అంది. మెల్లగా అన్న మాట ఒక్కటే మీడియానికి నచ్చలేదు.

ఆ ఇంట్లో ఇంకో థైరాయిడ్ మనిషి కూడా ఉంది. అత్తగారు. ఆవిడకి ఎప్పుడో ఆపరేషను చేసి గొంతులోని గ్రంథినే తీసేశారు. అంచేత ఆవిడది పెద్ద మోతాదు, కోడలిది చిన్నది. రెండూ తెల్లగా, గుండ్రంగా, కందిగింజంత ఉంటాయి. తెల్లారగానే పరగడుపున కోడలు రెండు సీసాలూ తీసి, తన మాత్ర తను వేసుకుని, రెండోది అత్తగారి అరచేతిలో పెట్టి మంచినీళ్ళు అందిస్తుంది. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి ఆ వేళప్పుడు ఏదీ ఆనదు. కోడలు పెడుతుంది, ఆవిడ మింగుతుంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

థైరాయిడ్ మాత్ర ఎక్కువేసుకుంటే కొవ్వు కరిగిపోతుందట అని కార్ఖానాలో కాజాలు కుట్టే అక్క, ఎవరో అనగా విని వచ్చి, ఓ మాట విసిరింది. తన పాత గౌను భుజాలు దిగని ఓ తెల్లవారుజామున మన మీడియం పెద్ద మాత్ర తను మింగి, చిన్న మాత్ర అత్తగారి చేతిలో పెట్టింది. ఒక్క వారమే అనుకుంది. వారం తిరిగేసరికి తూకం దిగింది. తూకం దిగాక మనసు ఊరుకుంటుందా? అత్తయ్యకీ మాత్ర పడుతూనే ఉంది కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

కోడలు తగ్గుతూ వచ్చింది, అత్తగారు ఉబ్బుతూ వచ్చింది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుని వందల నెంబర్లు చూడకుండా చెప్పిన మనిషి, సొంత కొడుకు నెంబరు కోసం తడుముకోవడం మొదలుపెట్టింది. గంట కొట్టినట్టుండే గొంతు బొంగురుపోయింది. బయట ఎండ మండుతున్నా ఉన్ని శాలువా వదలదు. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు. అలా కునుకు పట్టిన ఓ మధ్యాహ్నం పక్కలో ఉన్న పాప దొర్లి కింద పడింది. అప్పుడు మీడియం అన్న మాటేమిటో మీరు మర్చిపోయి ఉండరు. "చేతకాకపోతే చేతకాదని చెప్పండి. ఇకమీదట నా పిల్లని ముట్టుకోకండి." అత్తగారికి కునుకెందుకు పడుతోందో అనుమానం ఉండి కూడా అందా మాట.

మర్నాడే కొడుకు అత్తాకోడళ్ళిద్దరికీ రక్తపరీక్ష చేయించాడు. రిపోర్టులు ఇవాళ సాయంత్రం వస్తాయి.

ఇవాళ పొద్దున మీడియం కొలత ఇవ్వడానికి పాపని ఎత్తుకునే కార్ఖానాకి వెళ్ళింది. అత్తగారి దగ్గర వదలనని పంతం పట్టింది కదా. కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలు వేసే పెద్ద బుట్టలో దుప్పటి పరిచి పాపని పడుకోబెట్టారు. మిషన్ల చప్పుడుకి ఆ పిల్ల జోలపాట విన్నట్టు నిద్రపోయింది.

"చేతులు కాస్త దూరంగా పెట్టమ్మా. ఊపిరి బిగబట్టకు," అన్నాడు కటింగ్ మాస్టరు. "ఊపిరి పీల్చని బొమ్మతో ఇన్నాళ్ళూ వేగలేక చచ్చాను. అక్కడ బిగువుగా ఉందని చెప్పదు, ఇక్కడ వదులని చెప్పదు. నోరూ వాయీ లేని దాంతో ఏం పని చేస్తాం?"

టేపు ఛాతీ చుట్టూ తిరిగింది. నడుం చుట్టూ తిరిగింది. మాస్టరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మరోసారి చూశాడు. పాత కొలతే. దారప్పోగంత తేడా లేదు.

"వచ్చేసింది! మన మీడియం మనకి వచ్చేసింది!" అని కేకపెట్టాడు. మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. ఇన్ని నెలలుగా ఈ నిమిషం కోసమే ఆమె అద్దం ముందు నిలబడి ఏడ్చింది, మెట్లు ఎక్కి దిగింది, పళ్ళెంలో పెట్టుకున్నది సగం తీసేసింది. తీరా వచ్చాక సంతోషం లోపలికి దిగలేదు. అందరూ చూస్తుండగా తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

కాజాల అక్క దగ్గరికొచ్చి ఆమె నడుం పట్టుకుని చూసింది. "ఏం చేశావే తల్లీ? మా చెల్లికీ థైరాయిడే. పురుడొచ్చి ఏడాది కావస్తోంది, ఇప్పటికీ తలుపు పట్టనంత ఉంది. నువ్వేసుకునే మాత్ర ఏమిటో చెప్పు, దానికీ తెప్పిస్తాను."

"ఎవరి మాత్ర వాళ్ళే వేసుకోవాలక్కా!"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చిందా మాట. మళ్ళీ మొదలుపెట్టబోయిన మిషన్లు రెండు ఆగిపోయాయి. కాజాల అక్క మొహం చిన్నబుచ్చుకుని, "సర్లే, చెప్పకపోతే మానెయ్. మీద పడి కరుస్తావేం?" అని వెళ్ళిపోయింది.

మాస్టరు కొత్త కోటు తొడిగి చేతి మడత దగ్గర పిన్ను పెట్టబోయాడు. పెట్టలేక ఆగాడు.

"చెయ్యి ఆడించకమ్మా. గుచ్చుకుంటుంది."

"ఆడించట్లేదు మాస్టారూ."

నిజంగానే ఆడించడం లేదు. చెయ్యి దానంతటదే వణుకుతోంది. కోటు లోపల చెమట కారుతోంది. పరుగెత్తుకొచ్చిన మనిషికి కొట్టుకున్నట్టు గుండె దడదడలాడుతోంది. ఇలా కొట్టుకోవడం ఆమెకి కొత్తేం కాదు. కొన్నాళ్ళుగా ఇదే తంతు. బరువు తగ్గుతున్నందుకు ఆ మాత్రం ఉంటుందిలే అని నమ్మాలనుకుంది, నమ్మింది.

మాస్టరు ఆమె మొహంలోకి చూశాడు. "ఒళ్ళు సరిపోయింది, సంతోషమే. మొహం మాత్రం సగమైపోయింది. ఇంటికెళ్ళి పడుకో. రేపట్నుంచి పనిలోకి రా. ఆ బొమ్మని అటక మీదికి ఎక్కిస్తాను."

ఆమె పాపని బుట్టలోంచి ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. కొలత వచ్చేసింది కనుక రేపట్నుంచి ఎవరి మాత్ర వాళ్ళకి ఇచ్చేస్తే సరి. అత్తయ్య కోలుకుంటుంది. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు. పాప పడ్డ మర్నాడు కూడా ఆమె ఇలాగే బుద్ధి తెచ్చుకుంది. రెండు రోజులు ఎవరి మాత్ర వాళ్ళకి ఇచ్చింది కూడా. మూడో రోజు, కొలత తీసే రోజు దగ్గరపడుతోందని మాస్టరు కబురు పంపగానే మళ్ళీ మాత్రలు చేతులు మారాయి. ఆ సంగతి గుర్తొచ్చి నడిరోడ్డు మీద ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఇంట్లో అత్తగారి గది తలుపు తీసే ఉంది. మంచం మీద సంచీ, సంచీలో మడిచిన బట్టలు. ఆవిడ ఒక మేజోడు చేత్తో పట్టుకుని, రెండోది ఎక్కడ పెట్టానా అని గదంతా చూస్తోంది. రెండోది ఆవిడ భుజం మీదే ఉంది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"వచ్చావా అమ్మాయ్? కూర్చో. నాతో ఎక్స్చేంజిలో పనిచేసిన ఆవిడ లేదూ, ఆవిడ ఉంటున్న చోటికి. పెద్దవాళ్ళని చూసుకునే చోటు. శుభ్రంగా ఉంటుందిట. ఇందాకే మాట్లాడాను."

"ఆయనకి చెప్పారా?"

"వాడికి చెబితే గోల చేస్తాడు. వెళ్ళాక చెబుదువుగాని." ఆవిడ మంచం పట్టె పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "మా అమ్మకి ఇలాగే మొదలైంది అమ్మాయ్. ముందు పేర్లు మర్చిపోయింది. తర్వాత మనుషుల్ని మర్చిపోయింది. చివరికి నన్ను పట్టుకుని 'ఎవరమ్మా నువ్వు, మీ ఇంట్లో నీకోసం చూస్తుంటారు, వెళ్ళు' అనేది. నాకూ అదే వస్తోంది. నాకు తెలుస్తోంది."

"అలాంటిదేం లేదత్తయ్యా."

"ఉంది. లేకపోతే పిల్లని పక్కలో పెట్టుకుని నిద్రపోతానా? మొన్న మంచం మీంచి పడింది. రేపు స్టవ్ వెలిగించి మర్చిపోతే? నువ్వు ఆ రోజు అన్నదాంట్లో తప్పేం లేదు. నేనైనా అదే అందును. నీ మీద నాకు కోపం లేదు."

కోపం ఉందంటే ఎంత బాగుండు అనిపించింది మీడియానికి. తిట్టినా, అరిచినా, సంచీ తీసి మొహాన కొట్టినా తట్టుకునేది. ఈ మెత్తటి మాటలకి మాత్రం నిలువునా నీరైపోయింది. పాపని గుండెకి ఇంకా గట్టిగా అదుముకుంది. పాప నానమ్మని చూసి చేతులు చాపి కేరింతలు కొట్టింది. ఆవిడ చెయ్యి సగం దాకా లేచింది. కోడలు పెట్టిన ఆంక్ష గుర్తొచ్చిందేమో, ఆ చెయ్యి శాలువా సర్దుకుంటున్నట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఒక్క సాయం చేసిపెట్టు," అంది అత్తగారు. "నా మాత్రల సీసా ఏదో గుర్తు పెట్టి ఇవ్వు. దానికో దారం కట్టు. అక్కడ పొద్దున్నే చేతిలో పెట్టడానికి నువ్వుండవు కదా."

ఇక్కడ మీరు మీడియం స్థానంలో ఉండి చూడండి. ఆవిడకి అసలు సీసా ఇచ్చి పంపేస్తే చాలు. అక్కడ ఆవిడ సరైన మాత్ర వేసుకుంటుంది. కొన్నాళ్ళకి మగత వదులుతుంది, గొంతు బాగుపడుతుంది. గాలి మార్పు పడింది కాబోలు అనుకుంటారు అందరూ. ఉద్యోగం నిలబడుతుంది, మొగుడి దగ్గర పరువు నిలబడుతుంది. చెడేది ఆవిడ ఒక్కతే. సొంత కొడుకింట్లో, సొంత మనవరాలి దగ్గర ఉండటానికి పనికిరానని నమ్మి, సంచీ సర్దుకుని పరాయి చోట కూర్చుంటుంది. అంతే. అంతేనా?

చెప్పడానికే నోరు తెరిచింది మీడియం. "అత్తయ్యా, అసలు..."

"ఊఁ?"

"దారం వెతుకుతాను," అంది. అని వంటింట్లోకి వెళ్ళి, అలమార తలుపుకి నుదురు ఆనించి ఏడ్చింది. తనని తను తిట్టుకుంది. తర్వాత ఆమె దారం కట్టింది కూడా. సరైన సీసాకే కట్టింది.

సాయంత్రం కొడుకు వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ మిషను పాడైనా ఎక్కడో ఓ తీగ ఊడి ఉంటుందనే నమ్మకంతో బతుకుతాడు. తల్లి సంచీ చూశాడు. దాన్ని మంచం కిందికి తోసేసి, "ముందు డాక్టరమ్మ దగ్గరికి పదండి. తర్వాత ఎవరెక్కడికి వెళ్ళాలో చూద్దాం," అన్నాడు.

డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ వారగా పేషెంట్లు పడుకునే మంచం. అత్తగారికో కుర్చీ, పాపనెత్తుకున్న కోడలికో కుర్చీ. కొడుకు తల్లి వెనక నిలబడ్డాడు. డాక్టరమ్మ అత్తగారి రిపోర్టు తీసి చూసి, పైన పేరు సరిచూసుకుని, మళ్ళీ చదివింది.

"పెద్దమ్మగారూ, మీరు మాత్ర వేసుకోవడం ఎప్పుడు మానేశారు?"

"మానేయలేదమ్మా. రోజూ వేసుకుంటాను."

"ఇలా ఉండకూడదే. గ్రంథి లేని మనిషి ఇంత పెద్ద మోతాదు రోజూ వేసుకుంటే ఈ అంకె ఇంత పైకి ఎక్కదు. టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటున్నారా?"

"లేదు డాక్టరుగారూ," అన్నాడు కొడుకు. "మా ఆవిడ పరగడుపునే ఇస్తుంది. ఈవిడే ఏదో చేస్తోంది. అమ్మా, నిజం చెప్పు. నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నావా?"

"నా కోడలు ఎదురుగా నిలబడి మింగిస్తుందిరా. ఒక్క రోజు తప్పలేదు అది. నెల్లాళ్ళ బాలింతగా ఉన్నప్పుడు కూడా లేచొచ్చి ఇచ్చింది." ఆవిడ బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది. "దాన్నేం అనకండి."

మీడియం పాప వీపు మీద చెయ్యి వేసి తడుతోంది. తడుతోందో, చెయ్యే వణుకుతోందో ఆమెకే తెలియడం లేదు.

"మరి మాత్ర ఎక్కడికి పోతోంది?" కొడుకు గొంతు పెరిగింది. "పాప పడిపోయింది. నువ్వు సంచీ సర్దుకుంటున్నావు. ఇంత జరిగాక కూడా దాచడం దేనికమ్మా? మర్చిపోతే మర్చిపోయానని చెప్పు. ఎవరూ కొట్టరు."

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత డాక్టరమ్మ మొహంలోకి చూసింది. అందరూ చెబుతున్నారంటే నిజమే అయి ఉండాలి అన్నట్టు మెల్లగా తల ఊపింది.

"ఉమ్మేశానేమోరా. ఏమో. నాకు గుర్తుండటం లేదు కదా. చేసే ఉంటాను."

డాక్టరమ్మ కలం తీసింది. "పోనీ, ఇంకా మోతాదు పెంచి చూద్దాం. వయసు చూస్తే గుండెకి భయమే. కానీ..."

"ఉమ్మలేదు!"

ఆ కేకకి పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. మీడియం లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకి తెలియదు.

"అత్తయ్య ఒక్క రోజూ ఉమ్మలేదు. మోతాదు పెంచకండి. అత్తయ్య మాత్ర నేను మింగుతున్నాను. నా మాత్ర అత్తయ్యకి పెడుతున్నాను. బరువు తగ్గాలని. నాలుగు నెలల నుంచి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. రెండో రిపోర్టు, కోడలిది, తీసి మొదటిదాని పక్కన పెట్టి చూసింది. ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో. ఇంక ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు.

కొడుకు మాత్రం అడిగాడు. "పాప పడ్డ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

"అమ్మని అన్నేసి మాటలన్నావే, అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు." అబద్ధం ఆడే ఓపిక ఆమెలో మిగల్లేదు. "తర్వాత రెండు రోజులు సరిగ్గా ఇచ్చాను. కొలత ఉందని మళ్ళీ మార్చాను. ఇవాళ పొద్దున కూడా."

తీగ ఎక్కడ ఊడిందో దొరికింది కానీ, పట్టుకుని కలపడం అతనికి చేతకాలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. విసురుగా వెయ్యలేదు తలుపు, మెల్లగానే వేశాడు. మీడియానికి అదే ఎక్కువ బాధేసింది.

అత్తగారు డాక్టరమ్మ వైపు వంగి, పరీక్ష ఫలితం అడిగే పిల్లలా అడిగింది.

"అయితే నాకు మతి పోలేదా అమ్మా?"

"లేదు పెద్దమ్మగారూ. సరైన మాత్ర పడకే మీకిదంతా. మళ్ళీ మొదలుపెడితే కొన్ని వారాల్లో తేలికపడతారు. మగత పోతుంది, గొంతు కూడా వస్తుంది."

"మా అమ్మలాగా అవ్వనా?"

"దీనికీ దానికీ సంబంధం లేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఉబ్బిన ఆ మొహం మీద సంతోషం కనిపించింది. మీడియం దాన్ని చూడలేకపోయింది. తను లాక్కున్న దాన్ని తిరిగి ఇచ్చినందుకు ఆవిడ అంత సంతోషపడుతోంది.

"నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు అత్తయ్యా," అంది.

ఆవిడ కళ్ళు తెరవలేదు.

"ఆ మాటలు తర్వాత," అని డాక్టరమ్మ లేచి వచ్చి మీడియం మణికట్టు పట్టుకుంది. పట్టుకుని గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి చూసింది. "ఇలా దడగా ఉండటం ఎప్పట్నుంచి? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేచినప్పుడు కొంచెం."

"ఇది కొట్టుకోవాల్సిన తీరు కాదు. మధ్యమధ్యలో తప్పుతోంది." తలుపు వైపు తిరిగి నర్సుని కేకేసింది. "గుండె పరీక్ష మిషను తీసుకురా, వెంటనే. నువ్వు నిలబడకు తల్లీ, ఆ మంచం మీద పడుకో. పాపని ముందు ఎవరికైనా ఇవ్వు. నీ పాలు తాగే పిల్ల కదా, తర్వాత దాన్ని కూడా పరీక్ష చేసి చూడాలి."

ఎవరికైనా అంటే ఎవరికి? కొడుకు బయట ఎక్కడున్నాడో తెలియదు. నర్సు మిషను తోసుకొస్తోంది. గదిలో మిగిలింది ఒక్కరే.

మీడియం అత్తగారి ముందుకి వచ్చింది. ముట్టుకోవద్దని తనే లాక్కున్న పిల్లని రెండు చేతుల మీదా పెట్టి ముందుకి చాపింది. ఏడుపు ఆపిన పాప నానమ్మని చూసి కాళ్ళు ఆడించింది.

"తీసుకోండత్తయ్యా."

అత్తగారు కళ్ళు తెరిచింది. మనవరాలిని చూసింది, కోడలిని చూసింది. ఆవిడ చేతులు శాలువా లోపలే ఉన్నాయి.

"నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండా చేశావు కదమ్మాయ్," అంది. గొంతులో కోపం లేదు. "నాకింకా మగతగానే ఉంది. ఇప్పుడు నువ్వు నమ్మి ఇచ్చినా నేనెలా నమ్మేది?"

"అత్తయ్యా, పట్టుకోండి..."

ఆమె కళ్ళ ముందు గది ఒక్కసారి గిర్రున తిరిగింది. పాప బరువుకి చేతులు కిందికి జారుతున్నాయి. డాక్టరమ్మ గోడ వారన మంచం మీది దుప్పటి సర్దుతూ అటు తిరిగి ఉంది, నర్సు ఇంకా తలుపు దగ్గరే ఉంది.

శాలువా కదల్లేదు. మిగతాది వచ్చేవారం.